గుక్క తిప్పుకోని తెలుగు టీచరు: ఒక ఊపిరి కేసు

నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నడుం నొప్పులవాళ్ళు, మోకాళ్ళవాళ్ళు. వారానికి ఇద్దరో ముగ్గురో మాత్రం "రిపోర్టులన్నీ నార్మల్ అన్నారు, ఊపిరి మాత్రం ఆడట్లేదు" అంటూ ఛాతీ డాక్టరు గారి చీటీ పట్టుకుని వస్తారు. ఈ కేసు అలాంటిదే. ఇందులో ఏడు వారాలు నేను తప్పు చోట వెతికాను, అందుకే రాస్తున్నాను. ఆవిడ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వయసు, ఊరు, ఇంటి సంగతులు కొన్ని మార్చాను.

నేపథ్యం

నలభై దాటిన తెలుగు టీచరు. కోస్తాలో ఒక హైస్కూలు. రోజుకి ఐదారు పీరియడ్లు, గదికి యాభైకి దగ్గరగా పిల్లలు, పైన రేకులు, పక్క గదిలో లెక్కల మాస్టారి గొంతు. చిన్నప్పటి నుంచీ పద్యం బాగా చదువుతుందని పేరు. సీసపద్యం పాదం మొత్తం ఒక్క గుక్కలో చదివి, చివర రాగం కూడా తీయగలనని మొదటి రోజే కాస్త గర్వంగానే చెప్పారు. ఆ మాటని నేను కాగితం మీద రాసుకోలేదు. అది నా మొదటి తప్పు.

ఇంకో సంగతి మూడోసారి వచ్చినప్పుడు గానీ బయటికి రాలేదు. 2021లో సెకండ్ వేవ్ అప్పుడు అత్తగారిని ఇంట్లోనే కాన్సంట్రేటర్ మీద ఉంచి, ఆఖరి రెండు రోజులూ ఈవిడే పక్కన కూర్చున్నారట. ఎగశ్వాస అనే మాట మన ఇళ్ళల్లో ఎవరూ పైకి అనరు. ఆవిడ దాన్ని కళ్ళారా చూశారు. అప్పుడు కొన్న ఆక్సిమీటరు ఇప్పటికీ హ్యాండ్‌బ్యాగులోనే ఉంది.

వచ్చిన ఇబ్బంది

"గాలి లోపలిదాకా వెళ్ళట్లేదు మేడమ్. సగంలో ఆగిపోతోంది. గట్టిగా లాగితే గానీ తృప్తిగా ఉండదు."

రెండేళ్ళుగా ఇదే. ఆపకుండా నిట్టూర్పులు, ఆవలింతలు. మధ్యాహ్నం పీరియడ్లకి తల తేలిపోవడం, వేళ్ళ చివర్లా పెదాల చుట్టూ తిమ్మిర్లు. ఎప్పుడైనా గుండె దడ. ఊళ్ళో ఆర్‌ఎంపీ గ్యాస్ అని చెప్పి ప్యాంటాప్రజోల్ రాశారు, తిమ్మిర్లకి కాల్షియం బిళ్ళలు ఇచ్చారు. తర్వాత పట్నం వెళ్ళి ఈసీజీ, ఎకో, ఎక్స్‌రే, స్పైరోమెట్రీ, థైరాయిడ్ అన్నీ చేయించుకున్నారు. ఏ తేడా లేదు, హిమోగ్లోబిన్ తప్ప. అది 9.6.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. రక్తం తక్కువైతే ఆయాసం వస్తుంది, అందులో సందేహం లేదు. మన ఆడవాళ్ళలో ఎంతమందికి ఆ అంకె 12 లోపే ఉంటుందో క్లినిక్ నడిపే ఎవరికైనా తెలుసు. కాని రక్తహీనత ఆయాసం పని చేస్తే పెరుగుతుంది. బిందె ఎత్తినా మెట్లెక్కినా బయటపడుతుంది. ఈవిడ రెండంతస్తులు ఎక్కి మా గదికి వచ్చి, కూర్చున్నాక ఊపిరి అందట్లేదన్నారు. చాకిరీలో లేని ఆయాసం కుర్చీలో వస్తోందంటే కారణం ఇంకేదో కూడా ఉంది. "కూడా" అన్నాను గమనించండి. ఐరన్ మాత్రలు ఆపొద్దని, మూడు నెలలకి మళ్ళీ పరీక్ష చేయించమని పంపిన డాక్టరు గారితో మాట్లాడి, నా పని మొదలుపెట్టాను.

మాటల్లో పెట్టి, ఆవిడకి తెలియకుండా ఊపిరి లెక్కపెట్టాను. చెప్పి లెక్కపెడితే ఎవరి ఊపిరీ మామూలుగా ఉండదు. నిమిషానికి 22. ఊరికే కూర్చున్న మనిషికి 12 నుంచి 20 లోపు ఉండాలి. అందులోనూ పై ఛాతీ, భుజాలు కదులుతున్నాయి, డొక్కలు కదలట్లేదు. నిమిషానికి రెండు నిట్టూర్పులు. నిట్టూర్పు చెడ్డదేమీ కాదు, ఊపిరితిత్తుల్లో ముడుచుకున్న గాలిగదులు విచ్చుకోవడానికి గంటకి పదీ పన్నెండు మనందరికీ తెలియకుండానే వస్తాయి. నిమిషానికి రెండు మాత్రం ఎక్కువే.

నైమేఖెన్ ప్రశ్నాపత్రం ఇచ్చాను. నెదర్లాండ్స్‌లోని ఆ ఊరి పేరుతో 1980ల నుంచి వాడుకలో ఉంది. 16 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 4, మొత్తం 64. 23 దాటితే అతిశ్వాసని, అంటే అవసరానికి మించి ఊపిరి తీయడాన్ని, అనుమానిస్తాం. అది రోగనిర్ధారణ కాదు, ఎటు చూడాలో చెప్పే వేలు. ఆవిడకి 34 వచ్చింది.

ఆక్సిజన్ 99 ఉన్నా గాలి చాలనట్టు ఎందుకుంటుంది

ఆవిడ బ్యాగులోంచి ఆక్సిమీటరు తీసి నా ముందే వేలికి పెట్టుకున్నారు. 99. "ఇది బాగానే చూపిస్తుంది మేడమ్, నాకే అందదు" అన్నారు.

సులువుగా చెప్పాలంటే ఇది. రక్తంలో ఆక్సిజన్ ముందే నిండుగా ఉంది. ఎంత లాగినా అందులోకి కొత్తగా పట్టేదేమీ లేదు. అతిగా ఊపిరి తీస్తే తేడా వచ్చేది కార్బన్ డయాక్సైడులో. అది పారేయాల్సిన చెత్త అని బడిలో చదువుకున్నాం. నిజానికి కొంత లోపలే ఉండాలి, ధమనుల రక్తంలో దాని పీడనం 35 నుంచి 45 మి.మీ. దాకా. ఊపిరి ఎప్పుడు తీయాలో మెదడుకి ముఖ్యంగా చెప్పేది అదే. అది పడిపోతే రక్తం క్షారం వైపు ఒరుగుతుంది. మెదడుకి వెళ్ళే నాళాలు ముడుచుకుంటాయి, తల తేలుతుంది. రక్తంలో విడిగా తిరిగే కాల్షియం తగ్గుతుంది, తిమ్మిర్లు వస్తాయి. మొత్తం కాల్షియం అంతే ఉంటుంది కాబట్టి బిళ్ళలు మింగి లాభం లేదు. పైగా కార్బన్ డయాక్సైడు తగ్గినప్పుడు రక్తం ఆక్సిజన్‌ని కండరాలకి సులభంగా వదలదు. 1904లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ చూపించిన సంగతి ఇది. పరమాణువు బొమ్మ గీసిన నీల్స్ బోర్‌కి తండ్రి ఆయన.

ఇన్నీ కలిసి శరీరానికి "గాలి చాలట్లేదు" అనిపిస్తుంది. మనిషి ఇంకా గట్టిగా లాగుతాడు. ఉప్పునీళ్ళు తాగి దాహం తీర్చుకున్నట్టే.

ఈ లోపు పక్కింటావిడ చూపించిన వీడియోలు చూసి ఈవిడ పొద్దున్నే పావుగంట కపాలభాతి, ఆ తర్వాత "గుండె నిండా" గాలి పీల్చడం ఆరు నెలలుగా చేస్తున్నారు. చేసిన ప్రతిరోజూ మూడో పీరియడుకే తిమ్మిర్లు. కపాలభాతి మీద నాకేం కోపం లేదు, గురువు దగ్గర కూర్చుని నేర్చుకుని బాగున్నవాళ్ళు చాలామంది తెలుసు. కాని ముందే ఎక్కువ ఊపిరి తీసేస్తున్న మనిషికి వేగంగా గాలి వదిలే సాధన ఇవ్వడమంటే విరేచనాల మనిషికి ఆముదం పట్టడమే. రెండూ ఆపించాను. నాతో మొదలైన వైద్యంలో అన్నిటికంటే తేలిగ్గా ఫలితం ఇచ్చింది ఈ ఆపడమే. నాలుగు రోజుల్లో తిమ్మిర్లు సగం పోయాయి.

మొదట చేసినవి, ఎందుకు నిలవలేదు

పుస్తకం ప్రకారం మొదటి మెట్టు పొట్టతో ఊపిరి. వెల్లకిలా పడుకోబెట్టి, ఒక చెయ్యి ఛాతీ మీద, ఒకటి బొడ్డు మీద. రోజుకి రెండుసార్లు, పదేసి నిమిషాలు. ఆవిడ మంచి విద్యార్థి. ఆ మంచితనమే తంటా తెచ్చింది. పొట్టని బలవంతంగా బుడగలా ఉబ్బిస్తూ ముందుకంటే ఎక్కువ గాలి లాగడం మొదలుపెట్టారు. పైగా చీకటి గదిలో పడుకుని ఊపిరినే చూస్తూ ఉంటే అత్తగారి ఆఖరి రాత్రి గుర్తొచ్చేదట. ఈ మాట చెప్పింది అప్పుడే. రెండు వారాలకి ఆపేశాను. భయం పాలు ఎంతో తేల్చుకోవడానికి సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళమన్నాను. మొదట ఇష్టపడలేదు, నెల తర్వాత వాళ్ళాయన్ని తీసుకుని వెళ్ళారు. సైకియాట్రిస్టు మందులు రాయలేదు, రెండుసార్లు కూర్చోబెట్టి మాట్లాడించారు. ఆక్సిమీటరు సంగతి అక్కడే తేలింది: రోజుకి ఇరవైసార్లకి తక్కువ కాదు.

రెండో ప్రయత్నం లెక్క. కుర్చీలో కూర్చుని, ముక్కుతో నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. నిమిషానికి ఆరు ఊపిరులు. ఈ వేగం ఊరికే ఎంచుకున్నది కాదు. నిమిషానికి ఆరు దగ్గర ఊపిరి, గుండె వేగం, రక్తపోటు ఊగిసలాట ఒక లయలోకి వస్తాయి. లోపలికి తీసుకునేటప్పుడు గుండె కాస్త పరుగెడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. అందుకే వదలడం పొడుగు పెడతాం. ఆవిడ పొద్దున్న ఐదింటికి లేచి శ్రద్ధగా చేశారు. ఆ పదిహేను నిమిషాలూ హాయిగా ఉండేది. పది గంటలకి బడి, పదకొండింటికి మళ్ళీ నిట్టూర్పులు.

ఐదు వారాల తర్వాత మళ్ళీ నైమేఖెన్ ఇచ్చాను. 31.

నేను ఏమనుకున్నానో దాచను. సరిగ్గా చెయ్యట్లేదేమో అనుకున్నాను. సమయం పెంచుదామనుకున్నాను, సాయంత్రం కూడా పెడదామనుకున్నాను. ఇంటిపని, వంట, బడి, ట్యూషను ఉన్న మనిషికి ఇంకో పావుగంట. ఆ కాగితం రాస్తుంటే ఆవిడ నవ్వి "ఊపిరి సలపని పనుల్లో ఊపిరికి కూడా పీరియడ్ పెడతారా మేడమ్" అన్నారు. పెన్ను ఆగింది. రోజుకి ఇరవై వేల దాకా ఊపిరి తీసే మనిషికి నేను చూసుకుంటున్నది ఐదింటప్పటి తొంభై మాత్రమే. మిగతావి ఎక్కడ పాడవుతున్నాయో నేను చూడనే లేదు.

మలుపు

బడికి వెళ్ళి చూడటం కుదరదు. తరగతిలో రికార్డు చేస్తే పిల్లల గొంతులు పడతాయి, అది నాకు ఇష్టం లేదు. అందుకని ఆదివారం ఇంట్లో, గోడకి పాఠం చెప్తూ ఐదు నిమిషాలు ఫోనులో రికార్డు చెయ్యమన్నాను. బడిలో ఎంత గట్టిగా చెప్తారో అంతే గట్టిగా.

ఆ రికార్డు విన్న రెండో నిమిషానికే అర్థమైంది. వాక్యం మీద వాక్యం, గుక్క తిప్పుకోకుండా. ఊపిరి అడుగంటి గొంతు బొంగురుపోయేదాకా లాగడం, ఆపైన నోరు తెరిచి ఒక్కసారి "హా" అని గాలి మింగడం. నిమిషానికి ఆ "హా"లు పద్దెనిమిది వినిపించాయి. రోజుకి నాలుగు గంటలు ఇదే. ఈవిడ కపాలభాతి మానేశారనుకున్నాను, బడిలో ఐదు పీరియడ్లు చేస్తూనే ఉన్నారు. సీసం పాదం ఒక్క గుక్కలో చదివే నేర్పు చిన్నప్పటి నుంచీ మాట తీరుగా స్థిరపడిపోయింది. మొదటి రోజు నేను రాసుకోని మాట అదే.

ఇక ఆలోచన మారింది. కొత్త సాధన నేర్పడం కాదు, ఉన్న మాటలో ఖాళీలు వెతకాలి.

మొదటిది నల్లబల్ల. బోర్డు మీద రాసేటప్పుడు మాట్లాడకూడదు, నోరు మూసి ముక్కుతోనే. ఇంత చిన్న నియమం ఎందుకంటే, ఆవిడ గుర్తుపెట్టుకోనక్కర్లేదు, చేతిలో సుద్దముక్కే గుర్తు చేస్తుంది. రెండోది హాజరు. ముందు ఐదారు పేర్లు ఒక్క గుక్కలో చదివేవారు. ఇప్పుడు పేరు పిలిచి, ఆ పిల్ల "ప్రెజెంట్ టీచర్" అనేదాకా నోరు మూసుకోవడం. మూడోది ప్రశ్న. అడిగాక మూడు సెకన్లు ఆగడం. దీనికి ఊపిరితో సంబంధం లేని ఆధారం ఉంది. అమెరికాలో మేరీ బడ్ రో అనే ఆవిడ 1970లలో చూశారు: టీచర్లు ప్రశ్న వేసి సగటున సెకను మాత్రమే ఆగుతారు, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెరుగుతాయి, పొడుగవుతాయి. ఈ మాట మా టీచరు గారికి బాగా నచ్చింది. తన కోసమైతే ఆగేవారో లేదో, పిల్లల కోసం ఆగారు.

నాలుగోది ఆవిడే కనిపెట్టారు. గుక్క ఎక్కడ తిప్పుకోవాలని నేను కామాల గురించి చెప్తుంటే మధ్యలో అందుకుని, "యతి అంటే అసలు సంస్కృతంలో విరామమే మేడమ్, మనవాళ్ళు దాన్ని అక్షరమైత్రి చేసుకున్నారు" అన్నారు. నాకు ఛందస్సు పదో తరగతితోనే పోయింది. ఆవిడ బల్ల మీద వేలితో గీసి చూపించారు. సీసం పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. పాదం రెండు ముక్కలుగానే ఉంటుంది, ముందు నాలుగు గణాలు, తర్వాత నాలుగు. అంటే ఆగే చోటు పద్యంలోనే ఉంది, ఇన్నేళ్ళుగా దాని మీంచి దూకేస్తున్నారు. ఆటవెలది అయితే పాదానికో గుక్క. నిదానంగా చదివితే పాదానికి ఐదారు సెకన్లు, ముక్కుతో గాలి రావడానికి మూడు నాలుగు. వాచీ పెట్టి చూశాం, నిమిషానికి ఆరేడు ఊపిరులు. పొద్దున్న ఐదింటికి అంకెలతో పడ్డ పాట్లన్నీ ఆటవెలదిలో ముందే కట్టి ఉన్నాయి.

ఇదేం వింత కాదనుకోండి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లూచియానో బెర్నార్డి బృందం 23 మంది మీద చేసిన పరిశీలన వచ్చింది. లాటిన్‌లో జపమాల ప్రార్థన చెప్పినా, టిబెటన్ల మంత్రం చెప్పినా ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చింది. మా టీచరు గారికి పద్యం ఆ పని చేసింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చిన ఒకావిడకి దావీదు కీర్తనలు అదే పని చేశాయి.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాను: ఆగిన చోట గాలి లాగొద్దు. నోరు మూసి ఊరుకుంటే చాలు, కావలసినంత ముక్కులోంచి అదే వస్తుంది. నిట్టూర్పు ముంచుకొస్తే గుటక మింగి, ఉన్న గాలిని మెల్లగా వదిలి, తర్వాతి ఊపిరి దానంతటది రానివ్వాలి. మొదట్లో ఇది ఉక్కిరిబిక్కిరిగా ఉంటుందని ముందే చెప్పాను, చెప్పకపోతే అత్తగారు గుర్తొచ్చి వదిలేసేవారు. ఆక్సిమీటరు ఒక్కసారిగా లాక్కోలేదు. మొదటి వారం రోజుకి నాలుగుసార్లు, తర్వాత రెండు, ఆపైన ఆదివారం మాత్రమే. ఇప్పుడది బీరువాలో, వాళ్ళాయన బట్టల కింద.

ఫలితం, మధ్యలో ఒక జారుడు

మార్చికి నైమేఖెన్ 18. కూర్చున్నప్పటి ఊపిరి 14. సాయంత్రానికి గొంతు పోవడం లేదని సంతోషించారు, అది నేను ఆశించనిది.

ఏప్రిల్‌లో పదో తరగతి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళారు. వారంలో మళ్ళీ తిమ్మిర్లు, స్కోరు 25. ఇదేమిటి, అక్కడ మాట్లాడే పనే లేదు కదా? ఎలా కూర్చుంటారో చూపించమన్నాను. వంగి, పొట్ట నొక్కుకుపోయి, మార్కులు కూడేటప్పుడు ఊపిరి బిగబట్టి, టోటల్ వేశాక ఒక పెద్ద నిట్టూర్పు. రోజంతా పేపరుకొక నిట్టూర్పు. అక్కడ విరుగుడు వేరే: టోటల్ వేసి పెన్ను కింద పెట్టి, వీపు ఆనించి, ముక్కుతో ఒక పొడుగాటి నిశ్వాసం, తర్వాత ఇంకో పేపరు. జులైలో చూసినప్పుడు స్కోరు 14.

ఈ లెక్కల్లో నాకు తేలనిది ఒకటి ఉంది. ఫిబ్రవరికి హిమోగ్లోబిన్ 11.7 అయింది. ఎంత మేలు ఐరన్ వల్ల, ఎంత ఆటవెలది వల్ల, ఎంత ఆ రెండు సిట్టింగుల వల్ల అని విడదీసి చెప్పలేను. బోర్డు దగ్గర మాట్లాడిన రోజున సాయంత్రానికి తల తేలుతోందని, మాట్లాడని రోజున తేలట్లేదని ఆవిడ స్వయంగా రాసుకున్న పది రోజుల కాగితం మాత్రం నా దగ్గరుంది.

నా పద్ధతిలో మారినవి

ఊపిరి కేసు రాగానే ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న "రోజుకి ఎన్ని గంటలు గట్టిగా మాట్లాడతారు?" ఆ తర్వాత "ఊపిరి బిగబట్టే పని ఏదైనా ఉందా?" మిషన్ కుట్టేవాళ్ళు, సూదిలో దారం ఎక్కించేవాళ్ళు, బండి మీద కూరగాయలమ్మేవాళ్ళు, రోజంతా ఫోనులో ఉండే కాల్ సెంటర్ పిల్లలు. గుండె, ఊపిరితిత్తులు, రక్తం చూపించుకోకుండా నేరుగా నా దగ్గరికి వస్తే మాత్రం ముందు డాక్టరు దగ్గరికే పంపుతాను. మెట్లెక్కితే పెరిగే ఆయాసం, పడుకుంటే పెరిగేది, కాళ్ళ వాపుతో వచ్చేది, ఛాతీ నొప్పితో వచ్చేది, ఇవేవీ నా బల్ల మీద తేలేవి కావు. వెల్లకిలా పడుకోబెట్టే ముందు, ఇంట్లో ఎవరైనా ఊపిరాడక పోయారా అని కూడా అడుగుతున్నాను. అడగడం కష్టంగానే ఉంటుంది.

"గుండె నిండా గాలి పీల్చుకోండి" అనే మాట నా నోటితో అనడం మానేశాను. నర్సమ్మాయిలు ఇంకా అంటూనే ఉన్నారు.

మొన్న టీచరు గారు ఫోన్ చేశారు. బడి వార్షికోత్సవంలో పద్యం చదవమన్నారట, సీసమే. మధ్యలో విరామం ఇస్తున్నారా అని అడిగాను. కాసేపు ఏమీ అనలేదు.

"అక్కడ ఆపితే చప్పట్లు రావు మేడమ్" అన్నారు.